‘ఆఖరి ముక్క’కి రెండు ముప్పావు

నేను సినిమా సమీక్షకుణ్ణి. ఈ మాట చెప్పగానే జనం నన్ను రెండు రకాలుగా చూస్తారు. సినిమాలు ఊరికే చూస్తాడని కొందరికి కుళ్ళు. చూసొచ్చి కూడా ఏమీ చెప్పడని మిగతావాళ్ళకి జాలి. రెండూ న్యాయమే.

‘దినపలుకు’ పత్రికలో శనివారం శనివారం వచ్చే సమీక్ష కింద భుజంగరావు అని చీమంత అక్షరాల్లో ఉంటుందే, అది నేనే. నా రేటింగు అయిదింటికి రెండు ముప్పావు. ఏ సినిమాకి అని అడక్కండి. అన్నిటికీ అంతే. ఇదేదో గాలివాటం లెక్క అనుకునేరు, దీని వెనక బోలెడు ఆలోచనుంది. మూడిచ్చామనుకోండి, వీడికి ఎంత ముట్టిందో అంటారు. రెండున్నర ఇచ్చామనుకోండి, హీరోగారి అభిమానులు మన ఇంటి అడ్రసు వాకబు చేస్తారు. రెండు ముప్పావు దగ్గర ఆగితే ఎవడూ ఏమీ అనడు. నిర్మాత దాన్ని ఇంచుమించు మూడే కదా అనుకుంటాడు. ఆయనంటే గిట్టనివాడు రెండున్నరకి అటూ ఇటూగా అనుకుంటాడు. ఇద్దరూ ఎదురుపడితే నాకు నమస్కారం పెడతారు.

రాతకీ నాకో వరస ఉంది. ఫస్టాఫ్ ఫర్వాలేదు. సెకండాఫ్ కాస్త సాగింది. సంగీతం ఆకట్టుకుంటుంది. కత్తెరకి ఇంకొంచెం పని చెప్పాల్సింది. మొత్తమ్మీద ఒకసారి చూడొచ్చు. మా ఆవిడ విశాలాక్షి దీన్ని ఉప్మా రాత అంటుంది. ఇంట్లో ఏమీ లేనప్పుడు చేసిపెట్టేది కాబట్టి అలా అంటోందట. నేను పట్టించుకోను. బెజవాడలో ఉప్మా అమ్మి బాగుపడినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇలా నిశ్చింతగా బతుకుతున్న నా నెత్తిన ‘ఆఖరి ముక్క’ అనే సినిమా వచ్చిపడింది.

హీరో లేడు. డాన్సుల్లేవు. ఇంజనీరింగ్ హాస్టల్లో ఒకే గదిలో ఉండే నలుగురు కుర్రాళ్ళు పేకతో మొదలుపెట్టి, క్రికెట్ మీదికెళ్ళి, ఆఖరికి కళ్ళకి కనపడిన ప్రతిదాని మీదా పందెం కాస్తుంటారు. మెస్సులో సాంబారు ముందొస్తుందా పప్పు ముందొస్తుందా అని కూడా. అదీ కథ. గాంధీనగర్‌లో ఒకే ఒక్క హాల్లో వేశారు. తీసింది హరిణి అని చీరాల పిల్ల, మొదటి సినిమా.

అందులో ఒక సీను ఉంది. ఒక కుర్రాడికి ఇంటినుంచి ఫోనొస్తుంది. ఫోను ఎత్తగానే నాన్న ఏమడుగుతాడని నలుగురూ పందెం వేస్తారు. "చదువుతున్నావా" అంటాడని కొడుకు కాస్తాడు. "తిన్నావా" అంటాడని స్నేహితులు కాస్తారు. స్పీకర్ పెడతారు. నాన్న, "తిన్నావా నాన్నా" అంటాడు. గది గదంతా ఈలలు, కేకలు. కొడుకు తల పట్టుకుని కూర్చుంటాడు. అవతల ఆ పెద్దాయనకి కేకలు వినపడతాయి. నవ్వి, "అందరూ సంతోషంగా ఉన్నారన్నమాట, నాకంతే చాలు" అని పెట్టేస్తాడు.

అంతే సీను. వయొలిన్లు కూడా లేవు. నేను మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను. పక్క సీటాయన ‘ఏమైందండీ, ఎవరైనా పోయారా’ అని అడిగాడు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను. మర్నాడు పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, ఫస్టాఫ్ ఫర్వాలేదు, సెకండాఫ్ కాస్త సాగింది అని రాసి, రెండు ముప్పావు వేసి పంపేశాను. చెయ్యి దానంతటదే రాసేసింది.

ఇక్కడ మీకు విద్యార్థి జూద నిరోధక మండలి గురించి చెప్పాలి. కుర్రాళ్ళు బెట్టింగుల్లో పడి చెడిపోతున్నారని పెట్టిన సంస్థ. దాని అధ్యక్షులు దక్షిణామూర్తిగారు, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆ మండలికి ఆరో నిబంధన అని ఒకటుంది. జూదాన్ని నిరోధించువారు జూదమును కంటితో చూడరాదు, చూసినచో వారును దానియందు ఆసక్తులగు ప్రమాదము కలదు. ఈ నిబంధనని వాళ్ళు ప్రాణం పెట్టి పాటిస్తారు. హాస్టల్ తనిఖీకి వెళ్ళినప్పుడు ముందు వార్డెన్ని లోపలికి పంపి, ఆడుతున్న పిల్లలందరిచేతా పేకలు దాయించి, ఆ తరవాతే అడుగు పెడతారు. అందుకే ఇంతవరకు ఏ హాస్టల్లోనూ వాళ్ళకి జూదం దొరకలేదు. జూదాన్ని నిర్మూలించినందుకు మండలికి సన్మానం కూడా జరిగింది.

‘ఆఖరి ముక్క’ ఆడుతున్న హాలు చుట్టూ కాలేజీలే. పిల్లలకి అది జూదం నేర్పుతోందా, మాన్పిస్తోందా అని ఎవరో మండలికి ఫిర్యాదు పెట్టారు. చూసి తేల్చుదామంటే ఆరో నిబంధన అడ్డం. అందుకని సమీక్షలు తెప్పించుకున్నారు. ఊళ్ళో ఉన్న సమీక్షకులందరివీ రెండు ముప్పావులే. నేను పెట్టిన ఒరవడి అది, కొంచెం గర్వంగానే ఉంటుంది. కానీ నా దాంట్లో ఇంకో విశేషం దొర్లింది. ప్లస్ పాయింట్లు అన్నచోట ‘జూదం సన్నివేశాలు’ అని రాశాను. మైనస్ పాయింట్లు అన్నచోటా ‘జూదం సన్నివేశాలు’ అనే రాశాను.

మండలి నుంచి నాకు పిలుపొచ్చింది. 

అది వచ్చిన సాయంత్రమే హరిణి మా ఇంటికొచ్చింది. సన్నగా, ఉంగరాల జుట్టుతో, నిద్రలేని మొహంతో ఉంది. విశాలాక్షి కాఫీ ఇస్తే పట్టుకు కూర్చుంది గానీ తాగలేదు.

"సార్, మండలి అభ్యంతరం లేదని చెప్పకపోతే శుక్రవారం సినిమా ఎత్తేస్తానన్నాడు హాలాయన" అంది. "మా నాన్న ఆదివారం చూడ్డానికొస్తున్నారు. ఆ ఒక్క ఆట పడితే చాలు సార్ నాకు."

"ముందే చూడలేదా మీ నాన్నగారు?"

"లేదు సార్. ఆ ఫోను సీను మా ఇంట్లోదే. మా తమ్ముడు. బెట్టింగుల్లో పడి, అప్పులవాళ్ళకి భయపడి ఎటో వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆ కేకలేంటో నాన్నకి ఇప్పటికీ తెలీదు. నా నోటితో చెప్పలేక సినిమా తీశాను."

ఆ పిల్ల తల ఎత్తి, "అదంతా పోనివ్వండి. మీకు నచ్చిందా సార్?" అని అడిగింది.

చెప్పొద్దూ, నచ్చిందమ్మా అనాలనే నోరు తెరిచాను. తెరిస్తే, "ఒకసారి చూడొచ్చమ్మా" అని వచ్చింది.

ఆ పిల్ల కాఫీ గ్లాసు కింద పెట్టి, విశాలాక్షికి వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిపోయింది. తలుపు పడగానే మా ఆవిడ నా మీద విరుచుకుపడింది.

"హాలు నుంచొచ్చి దిండంతా తడిపారు! ఎవరో పోయారనుకుని మీ అన్నయ్యగారింటికి ఫోన్ చేశాను కూడా. ఆ పిల్లకి ఆ ముక్క చెప్పడానికి మీకేం రోగం?"

"వృత్తి ధర్మం అని ఒకటుంటుందే."

"ఛీ, నోర్ముయ్యండి" అంది. ఆ రోజు రాత్రికి నిజంగానే ఉప్మా చేసింది.

బుధవారం మండలి ముందు హాజరయ్యాను. దక్షిణామూర్తిగారు ఎత్తయిన కుర్చీలో ఉన్నారు. పక్కన సభ్యులు త్రిమూర్తులుగారు, ఒకప్పుడు లెక్కల మాస్టారు. బంట్రోతు టీ తెచ్చి నా ముందు పెట్టాడు.

"సదరు తేనీటిని తాము సేవించుటకు మండలికి అభ్యంతరము లేదు" అన్నారు అధ్యక్షులు.

సేవించాను. త్రిమూర్తులుగారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"భుజంగరావుగారూ, చట్టంలో ఆటలు రెండే రకాలు. నైపుణ్యం వల్ల గెలిచేవి, అదృష్టం వల్ల గెలిచేవి. మొదటిది ఒప్పు, రెండోది జూదం. తమరి రెండు ముప్పావు ఇందులో ఏది?"

"నైపుణ్యమేనండీ" అన్నాను, తడుముకోకుండా.

"అయితే ఏ సినిమాకి వేసినా ఒకే అంకె ఎందుకు పడుతోంది? ప్రతిసారీ ఒకే అంకె పడే పాచికని మా లెక్కల్లో దొంగ పాచిక అంటాం."

"అబ్బే, అలా కాదండీ..."

"పోనీ, అదృష్టవశాత్తూ అలా పడుతోందంటారా?" అన్నారు అధ్యక్షులు. "అట్టి పక్షంలో తమరు జూదరి అగుదురు. జూదరి సమీక్ష ఆధారంగా జూదపు చిత్రము మంచిచెడ్డలు నిర్ణయించుట మండలికి గౌరవప్రదము కాదు. చిత్రమునకు అనుమతి నిరాకరించవలసి వచ్చును."

దొంగో జూదరో తేల్చుకోమంటే ఏం చెప్తాం? అప్పుడు ఆ పిల్ల మొహం గుర్తొచ్చింది, వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. ఏమైతే అదైందని, "అయ్యా, ఆ అంకె వదిలెయ్యండి. ఆ సినిమా చూసి నేను ఏడ్చాను. చాలా మంచి సినిమా. పిల్లలకి చూపించాల్సిన సినిమా" అనేశాను.

ముప్పై ఏళ్ళలో నా నోటినుంచి వచ్చిన మొదటి అభిప్రాయం అది. వినడానికి నాకే కొత్తగా ఉంది.

"ఏడ్చితిరి" అన్నారు అధ్యక్షులు నెమ్మదిగా. "అది నైపుణ్యమా, అదృష్టమా?"

"ఏడుపేంటండీ, నైపుణ్యమేంటండీ! వచ్చింది, ఏడ్చాను."

"వచ్చినది అనిన, దానంతట అది వచ్చినది. దానంతట అది వచ్చునది అదృష్టము."

త్రిమూర్తులుగారు చెయ్యెత్తారు. "అలా తొందరపడి అనలేమండీ. ప్రయోగం మళ్ళీ చేస్తే ఫలితం మళ్ళీ రావాలి. ఈయనకి అదే సినిమా మళ్ళీ చూపిద్దాం. అదే చోట ఏడిస్తే నైపుణ్యం, సినిమా ఉంటుంది. ఏడవకపోతే అదృష్టం, సినిమా పోతుంది."

అధ్యక్షుల మొహం వెలిగిపోయింది. నన్ను సంప్రదించకుండానే తీర్మానం అయిపోయింది. నా ఏడుపు మండలి సమక్షంలో గురువారం ఉదయం జరుగుతుందని ప్రకటించారు.

గురువారం హాలు ఖాళీ చేయించారు. గుమ్మంలోనే నన్ను సోదా చేశారు. జేబులో ఉల్లిపాయ ఉందేమోనని, వేళ్ళకి తలనొప్పి బామ్ రాసుకొచ్చానేమోనని. నా చేతిరుమాలు పొడిగా ఉందని ధ్రువీకరించి తిరిగిచ్చారు. కంటి డాక్టరు మస్తాన్‌గారిని పిలిపించి, చేతికి టార్చి ఇచ్చి, నా పక్క సీట్లో కూర్చోబెట్టారు. ఎడమ కన్నా, కుడి కన్నా, ముందు ఏది తడుస్తుందో ఆయన చెప్పాలి. హాలు సీట్లన్నీ తెర వైపే ఉంటాయి కదా, అటు కూర్చుంటే ఆరో నిబంధన పోతుంది. అందుకని మండలివారు ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించి, తెరకి వీపు పెట్టి, నాకెదురుగా వరసగా కూర్చున్నారు. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను అంతమంది అంత శ్రద్ధగా చూడలేదు. హరిణి బతిమాలుకుంటే ఆఖరి వరసలో కూర్చోనిచ్చారు.

సినిమా మొదలైంది. నేను ముందునుంచే ఏడుపు సిద్ధం చేసుకుందామనుకున్నాను. పోయిన మా అమ్మని తలుచుకున్నాను. ఆవిడ బతికున్నంతకాలం నన్ను నవ్వించిందే తప్ప ఏడిపించలేదు, పనికిరాలేదు. పదో తరగతిలో తప్పిన సంగతి తలుచుకున్నాను. మా ఆవిడ ఉప్మాని తలుచుకున్నాను. కళ్ళు ఎండిపోయి ఇసక పోసినట్టున్నాయి. టార్చి వెలుగు ఒకటి సూటిగా వచ్చి గుచ్చుతోంది. ఎదురుగా దక్షిణామూర్తిగారు, "ఎట్లున్నది?" అన్నట్టు కనుబొమలు ఎగరేస్తున్నారు. ఆ పిల్ల సినిమా నా రెండు కళ్ళ మీద ఆధారపడి ఉంది, ఆ కళ్ళేమో నలుగురిలో నా పరువు తీస్తున్నాయి. భయమేసింది నాకు. ఆదివారం చీరాల నుంచి ఆ పెద్దాయన వచ్చి, హాలు ముందు వేరే సినిమా పోస్టరు చూసి నిలబడిపోతాడని కళ్ళకి కట్టింది. అయినా ఏడుపు రాదే!

తెర మీద కుర్రాళ్ళు సాంబారు మీద పందెం కాశారు. త్రిమూర్తులుగారి చెవి కొంచెం అటు తిరిగింది. పప్పే ముందొచ్చింది. ఆయన మెడ నొప్పన్నట్టు రుద్దుకుంటూ తల సగం తిప్పారు. కాసేపటికి ఇంకొక సభ్యుడు ఫాను తిరుగుతోందో లేదో చూస్తానని వెనక్కి చూసి, మళ్ళీ ఇటు తిరగలేదు. ఆ ఫాను నా నెత్తిమీదే ఉంది. ఇంటర్వెల్ తరవాత కుర్చీల కాళ్ళు నేల మీద గీరుకున్న చప్పుడు ఒక్కొక్కటే వినిపించింది. అధ్యక్షులవారు మటుకు చాలాసేపు ఓర్చుకున్నారు. వెనక తెర మీద ఒక కుర్రాడు "అయిపోయాన్రా" అని గొణిగిన చోట ఆయన పెదాలు బిగిశాయి. "శబ్దము సరిగా లేదేమో పరిశీలించవలె" అని ఎవరితోనో అని, కుర్చీతో సహా తిరిగిపోయారు.

ఫోను మోగింది.

నేను ఏడవాలన్న సంగతి మరిచిపోయాను. నిజం, పూర్తిగా మరిచిపోయాను. స్పీకర్లోంచి ఆ పెద్దాయన గొంతు వచ్చింది. గదిలో కేకలు. ‘నాకంతే చాలు’ అన్నాడాయన. నా కళ్ళల్లోంచి, రెండిట్లోంచీ ఒకేసారి, బొటబొటా కారింది. ఆపుకోవాలనిపించలేదు. హాలంతా ముక్కు ఎగబీల్చిన చప్పుళ్ళు. డాక్టర్ మస్తాన్‌గారి టార్చి నా మొహం వదిలేసి ఎప్పుడో పైకప్పు మీదికెళ్ళింది. ఆయన ఖాళీగా ఉన్న చేత్తో నా భుజం పట్టుకుని కుమిలిపోతున్నాడు.

దీపాలు వెలిగాయి. దక్షిణామూర్తిగారు చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడుచుకుని, చాలాసేపు తుడుచుకుని, కుర్చీ ఇటు తిప్పారు. అప్పటికి నా చెంపలు ఆరిపోయాయి. ఈ ఊరి ఎండాకాలం సంగతి మీకు తెలుసుగా.

"డాక్టరుగారూ, కన్నీరు పడినదా?"

మస్తాన్‌గారు తలొంచుకున్నారు. "నేను... టార్చి కిందపడిందండీ."

"త్రిమూర్తులుగారూ?"

"నేనూ ఆ సమయంలో ఫానునే గమనిస్తున్నాను."

"సభ్యుల దృష్టి హాలు నిర్వహణకు సంబంధించిన ఇతర విషయములందు నిమగ్నమై యున్నందున సమీక్షకుని కన్నీరు నమోదు కాలేదు" అని అధ్యక్షులు గుమస్తాకి చెప్పి రాయించారు. "కావున అది అదృష్టముగా భావించవలెను. చిత్రమునకు అనుమతి నిరాకరించడమైనది."

నాకు ఒళ్ళు మండింది. "అదేంటండీ! మీరందరూ ఏడ్చారు కదా! తమరి కళ్ళు చూసుకోండి, చింతనిప్పుల్లా ఉన్నాయి!"

"మా కన్నీరు నేటి కార్యక్రమములో లేదు" అన్నారాయన. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. తరవాత ముందుకి వంగి మామూలు మనిషిలా మాట్లాడారు. "నాకూ ఇంజనీరింగులో మనవడున్నాడయ్యా. కానీ ఏడ్చానంటే చూశానని అర్థం. చూశానంటే ఆరో నిబంధన పోయినట్టు. అది పోతే ఇక మండలే లేదు."

వెనక నుంచి హరిణి లేచింది. "నేను చూశాను సార్. ఆయన ఏడ్చారు. నేను సినిమా చూడలేదు, ఆయన్నే చూస్తూ కూర్చున్నాను."

"తమరు చిత్ర దర్శకులు. ఆసక్తి గల పక్షము. చెల్లదు" అని ఆయన లేచారు. సభ్యులంతా లేచారు. ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకోకుండా, ప్లాస్టిక్ కుర్చీలు ఎవరివి వాళ్ళు పట్టుకుని వెళ్ళిపోయారు.

హాలు బయట ఎండ మాడిపోతోంది. ఆ పిల్ల మెట్ల దగ్గర ఫోను చేతిలో పట్టుకుని నిలబడింది. నన్ను చూసి నవ్వబోయింది.

"నాన్నకి రావొద్దని చెప్పాలి సార్."

"నేను చేయాల్సింది చేశానమ్మా" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"చేశారు సార్. కాదనను" అంది. కోపం లేదు, అదీ బాధ. "కానీ సార్, మొదటిరోజే రాయొచ్చు కదా? ఏడుపొచ్చింది అని, ఒక్క మాట. వాళ్ళు మిమ్మల్ని పిలిచేవాళ్ళే కాదు. ఎందుకు రాయలేదు?"

ఏవేవో చెప్పబోయాను. పేపరు విధానం అందామనుకున్నాను, స్థలాభావం అందామనుకున్నాను. ఆ పిల్ల మొహం చూస్తూ అబద్ధం ఆడలేకపోయాను.

"భయమమ్మా" అన్నాను.

"ఎవరంటే సార్?"

అభిమానులందామంటే ఈ సినిమాలో హీరోనే లేడు. నిర్మాత అందామంటే ఉన్న పొలం కుదువపెట్టి ఈ పిల్లే సినిమా తీసింది. మా ఎడిటరుగారు నా సమీక్ష ఎన్నడూ చదివిన పాపాన పోలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు, ఒక్క ఫోన్ చెయ్యలేదు, మా ఇంటి అడ్రసు ఏ అభిమానీ అడగలేదు. ఎంత వెతుక్కున్నా చెప్పడానికి నాకు ఒక్క పేరు దొరకలేదు.

ఆ పిల్ల జవాబు కోసం కాసేపు మర్యాదగా ఆగింది. తరవాత నాన్నకి ఫోన్ చేసుకోవడానికి పక్కకి వెళ్ళింది.